వేటపాలెము సారస్వత నికేతనము

మా వేటపాలెమును పొరుగు జిల్లాలవారు జీడిపప్పును బట్టియు మగ్గములను బట్టియు ఎరుగుదురు. దూరప్రాంతములనుండి వచ్చి రైలు దిగు పరిశోధకులు మాత్రము నేరుగా సారస్వత నికేతనమునకు దారి యడుగుదురు. వి.వి. శ్రేష్ఠిగారు తోడి యువకులతో గూడి ఈ గ్రంథాలయమును 1918లో నెలకొల్పిరి. మరి మూడేండ్లకే, అనగా 1921లో, పురపాలక సంఘపు పన్నులకు లొంగక, చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున సొంత యిండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొనిన ప్రాంతమిది. ఇట్టి నేలపై నేతగాండ్రు సైతము పత్రికకై ఎదురుచూచుట వింత గాదు. మా తాతగారికి అక్షరములు రావు. ఆయన సాయంకాలము గుంటమగ్గము నుండి లేచి నికేతనమునకు పోయి, చదువ నేర్చినవారు బిగ్గరగ చదువుచుండగా నూలు ధరలను, కాంగ్రెసు సభల వార్తలను వినెడివారట.

1929లో గాంధీమహాత్ములు వచ్చి నికేతన భవనమునకు శంకుస్థాపన చేసిరి. ఆ సందర్భమున విరిగిన వారి చేతికర్ర నేటికిని ఇచ్చట భద్రముగ నున్నది. వచ్చినవారందరు మొదట దానినే చూతురు, చూడదగినదే. అయినను నికేతనమునకు వన్నె తెచ్చినది లోకమంతయు పారవైచు వస్తువును దాచిపెట్టినవారి దూరదృష్టియే యని నా నిశ్చితాభిప్రాయము. దినపత్రిక ఆయువు ఒక్కపూట. మరునాడది పొట్లముల పాలగును. ఇచ్చటివారు అట్లు కానీయక ఆంధ్రపత్రికనే గాక, దినపత్రికలు కాని కృష్ణాపత్రిక, భారతి మున్నగువానిని సైతము వరుసగా కూర్చి, కుట్టి, అట్టలు వేయించి, తరువాతి తరముల కప్పగించిరి. కొయ్యగుజ్జుతో చేసిన పత్రికా కాగితమున ఆమ్లగుణ ముండుటచే ఏండ్లు గడచినకొలది అది గోధుమవన్నె దాల్చి పెళుసెక్కును. మా సముద్రపుగాలిలోని చెమ్మ దానికి తోడగును.

కావుననే పుటలను స్కాన్ చేయు యంత్రము వచ్చుట నాకు మహానందము. పెళుసైన పుటను అద్దమున కదుమక, పైనుండి కెమెరాతో చిత్రించినచో, వేయిమంది చదివినను దాని అంచు రాలదు. అయినను పాత అచ్చులోని అరసున్నలను, బండి ఱాలను పోల్చి మాటను వెదకుట యంత్రమునకు నేటికిని కష్టమే. అచ్చట, "ఏ యేడు, ఏ మాసము బాబూ?" అని యడిగి నేరుగా ఆ బీరువాకడకు నడచు ఉద్యోగి జ్ఞాపకశక్తియే దిక్కు.

నేనొకనాడు 1929 నాటి సంపుటము నడిగితిని. ఆయన దానిని రెండు చేతులతో మోసికొని వచ్చి బల్లపై దింపి, పుటను కొసనుండి గాక నడుమ అరచేయి చొనిపి త్రిప్పవలెనని చూపి, రాలిన కాగితపు తునుకలను ఊదివేయక ఒక కవరులోనికి ఏరుకొనెను. చదువుచు చదువుచు, నాకు తెలియకయే, పైకి చదువసాగితిని. ఆయన తలయెత్తి చూచి, వారింపక, తన కుర్చీని కొంచెము దగ్గరకు జరుపుకొనెను.