ఆన్‌లైన్‌లో వాకీటాకీ కొంటే సరిపోదు: హ్యామ్ రేడియో లైసెన్సు గురించి తెలుసుకోవాల్సినవి

పెద్ద జల్సా అయినా, ఇజ్తిమా అయినా, వెయ్యిమంది వచ్చే వలీమా అయినా పార్కింగ్ చూసుకునే కుర్రాళ్ల చేతుల్లో ఇప్పుడు వాకీటాకీలు కనిపిస్తున్నాయి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టినవో, దుబాయ్ నుంచి ఎవరో బ్యాగులో తెచ్చినవో. ఫోన్ లాంటిదే కదా అనుకుంటారు. కానీ చట్టం దృష్టిలో అది వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్. లైసెన్సు గానీ, చట్టప్రకారం మినహాయింపు గానీ లేకుండా దాన్ని వాడటమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. ఎక్కడైనా తనిఖీలో దొరికితే మన పిల్లలు ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

అసలు చిక్కు ఎక్కడంటే, ఆ సెట్ చాలా ఫ్రీక్వెన్సీల్లో పనిచేస్తుంది. మార్కెట్లో దొరికే మామూలు చైనా సెట్ 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ వరకు, మళ్లీ 400 నుంచి 480 వరకు ఏ నంబరు కొడితే ఆ నంబరు మీద మాట్లాడుతుంది. మన దేశంలో హ్యామ్ రేడియో వాళ్లకు అందులో దక్కేది 144 నుంచి 146, 434 నుంచి 438 మాత్రమే. మిగతాది పోలీసులు, ఓడలు, ప్రైవేటు సంస్థలు, ఇలా ఎవరికి కేటాయించింది వాళ్లది. కాబట్టి హ్యామ్ లైసెన్సు జేబులో ఉన్నా సరే, 150 మీద బటన్ నొక్కితే తప్పే. హ్యాములకు ఇచ్చిన బ్యాండ్లలో కూడా కొన్నిచోట్ల వాళ్లది రెండో స్థానమే. అంటే అసలు హక్కుదారుకు ఇబ్బంది కలిగించకూడదు, అతని వల్ల తమకు ఇబ్బంది వస్తే ఫిర్యాదు చేయడానికీ లేదు.

మరి లైసెన్సు అక్కర్లేని వాకీటాకీలు లేవా? ఉన్నాయి. 2018లో కేంద్రం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లకు మినహాయింపు ఇచ్చింది. ఈవెంట్ పనులకు సరిపోయేవి ఇవే. అయితే ఆ మోడల్‌కు ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్, అంటే ఈటీఏ ఉండాలి. ఎక్కువ పవర్ ఉన్న సెట్‌ను 446కి తిప్పి "ఇది ఫ్రీ బ్యాండే భాయ్" అంటే కుదరదు. మినహాయింపు ఆ నంబరుకు మాత్రమే ఇచ్చింది కాదు, నిబంధనలకు సరిపోయే సెట్‌కు ఇచ్చింది. ఈ వివరాలు చెప్పకుండానే అమ్ముతున్నారని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2025లో ఈ-కామర్స్ సైట్లకు నోటీసులు ఇచ్చి, మార్గదర్శకాలు కూడా తెచ్చింది. బాక్స్ మీద ఫ్రీక్వెన్సీ, ఈటీఏ వివరం కనబడకపోతే కొనకండి. బిల్లు పారేయకండి.

ఇక నిజంగా రేడియో మీద ఇష్టం ఉన్న పిల్లలకు సరైన దారి హ్యామ్ లైసెన్సు. అమెచ్యూర్ సర్వీస్ నిబంధనలు 1978లో వచ్చాయి, తర్వాత సవరణలు జరిగాయి. 12 ఏళ్లు నిండితే చాలు, పరీక్ష రాయొచ్చు. అమ్మాయిలూ రాయొచ్చు, రాయాలి కూడా. ఎందుకో కింద చెప్తాను.

రెండు గ్రేడ్‌లు ఉంటాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌లో రేడియో థియరీ ఒక భాగం, నియమాలు ఒక భాగం. ఒక్కో దాంట్లో కనీసం 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. మోర్స్ కోడ్ లేదు. జనరల్ గ్రేడ్‌కు మార్కులు కొంచెం ఎక్కువ కావాలి, పైగా నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ పంపడం, అందుకోవడం రావాలి. ఫలితం ఏంటంటే షార్ట్‌వేవ్ బ్యాండ్లలో రిస్ట్రిక్టెడ్ వాళ్లకు 50 వాట్లు, జనరల్ వాళ్లకు 400 దాకా. కాల్‌సైన్ చూస్తేనే గ్రేడ్ తెలిసిపోతుంది: వీయూ3 అంటే రిస్ట్రిక్టెడ్, వీయూ2 అంటే జనరల్. ఫీజు 1978 నిబంధనల కింద 20 ఏళ్లకు వెయ్యి రూపాయలు, జీవితకాలానికి రెండు వేలు. కోచింగ్ ఫీజుల ముందు ఇదేం లెక్క!

లైసెన్సు వచ్చాక కూడా చేయకూడనివి ఉన్నాయి. వ్యాపారం మాట్లాడకూడదు, డబ్బు తీసుకుని సందేశాలు పంపకూడదు, రహస్య కోడ్ వాడకూడదు. సెట్‌లో స్క్రాంబ్లర్ ఉంటే ఆపేయాలి. కాల్‌సైన్ చెప్పకుండా మాట్లాడకూడదు, లాగ్‌బుక్ రాయాలి. ప్రసారం అసలు చేయకూడదు. ఇది మనవాళ్లు ముఖ్యంగా గమనించాలి. మస్జిద్‌లో బయాన్‌ను, నాత్‌ను హ్యామ్ సెట్ మీద అందరికీ వినిపిద్దాం అనే ఆలోచన మంచిదే కావచ్చు, నియమం మాత్రం ఒప్పుకోదు. హ్యామ్ రేడియో ఇద్దరు లైసెన్సుదారులు మాట్లాడుకోవడానికే.

ఊరు మారితే అనుమతి కూడా మారొచ్చు. అండమాన్, లక్షద్వీప్‌లకు ప్రత్యేక అనుమతి కావాలి. భారతీ ప్రసాద్ ఆ అనుమతి సంపాదించి 2004 డిసెంబర్‌లో బృందంతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లారు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పనిచేయని ఆ రోజుల్లో ఆ బృందం వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో అక్కడివాళ్ల క్షేమ సమాచారం బయటి ప్రపంచానికి చేర్చింది. ఇతరుల సందేశాలు మోయకూడదన్న నియమానికి విపత్తుల్లో మినహాయింపు ఉన్నది ఇందుకే. కాగితాలు సరిగ్గా ఉన్న సెట్ కాబట్టే ఆ రోజు అది అక్కడ ఉంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. ఇక్కడి లైసెన్సు అక్కడ దానంతట అదే చెల్లదు. సౌదీ అయినా, యూఏఈ అయినా ఆ దేశపు టెలికాం సంస్థ అనుమతి కావాలి. అక్కడ కొన్న సెట్ ఇక్కడికి తేవాలంటే దిగుమతి నిబంధనలు ముందే చూసుకోవాలి. అడిగాడు కదా అని తమ్ముడికి గిఫ్ట్‌గా పట్టుకొచ్చేయకండి.

దరఖాస్తు టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో. లైసెన్సు వ్యవహారం చూసేది ఆ శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం పాత 1885, 1933 చట్టాల స్థానంలో వచ్చింది. దాని కింద కొత్త నిబంధనలు వస్తున్నాయి కాబట్టి ఫీజు, ఫారం ఆ రోజు పోర్టల్‌లో ఎలా ఉంటే అలాగే పాటించండి. నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983 నుంచి. సెట్ మాత్రం లైసెన్సు చేతికి వచ్చాకే కొనండి.