పాలమూరు నేల – కరువు, వరద, కట్ట కాపలా

మన ప్రాంతం పేరు చెప్పగానే ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది కరువు. పాలమూరు కూలీ చెమట చిందని పెద్ద ఆనకట్ట తెలుగు దేశంలో అరుదు. నాగార్జునసాగరం కట్టేనాడు రాళ్ళు మోసిన వాళ్ళలో మనవాళ్ళెందరో ఉన్నారు. ఇంటి దగ్గర పొలానికి నీరు లేక, పిల్లాపాపలతో ఊరు విడిచి, ఇతరుల పొలాలకు నీరు చేర్చిన జనం మనది. అయితే ఇదే నేలను నీళ్ళు ముంచిన చరిత్ర కూడా ఉన్నది. ఈ రెండూ కలిపి చదివితేనే ఆపద అంటే ఏమిటో, దానికి ముందుగా సిద్ధపడటం అంటే ఏమిటో మనకు బోధపడుతుంది.

వాన రావడం, రాకపోవడం మనిషి చేతిలో లేదు. అది పైవాడి ఇష్టం. కాని ఆ వాన వల్ల ఎంత మేలు, ఎంత కీడు అన్నది చాలా వరకు మన చేతిలోనే ఉన్నది. ఒకే వానకు కట్ట గట్టిగా ఉన్న చెరువు నిండుతుంది, కట్ట వదులైన చెరువు ఊరి మీద పడుతుంది. యూసుఫ్ ప్రవక్త (అలైహిస్సలామ్) వృత్తాంతం మనకందరికీ తెలిసినదే. ఏడేండ్లు బాగా పండిన కాలంలో దాచిన ధాన్యమే తరువాతి ఏడేండ్ల కరువులో ప్రజలను బతికించింది. కరువు ఆగలేదు, చావులు ఆగినవి.

మన పూర్వులకు ఈ సంగతి తెలియక కాదు. వనపర్తి సంస్థానంలోని ఏడు పెద్ద చెరువులకు సప్తసముద్రాలు అని పేరు. శ్రీరంగాపురంలో రంగసముద్రం ఉన్నది. నాగర్‌కర్నూలులో కేసరి సముద్రం ఉన్నది. అసలు సముద్రానికి ఇంత దూరంలో ఉన్న వాళ్ళు చెరువును సముద్రమన్నారంటే నీటి విలువ వాళ్ళకు ఎంత తెలుసో చూడండి. చెరువుకు కట్ట, తూము, అలుగు అని మూడు ముఖ్యం. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండాలి. తూము తెరిచి మూయడానికి, కట్ట మీద తిరిగి బుంగలు, పగుళ్ళు చూడటానికి ఊరికొక నీరటి ఉండేవాడు. చెరువు బాగు చూసేవారికి దశబంధం ఇనాము అని భూమి వదిలే పద్ధతి కూడా ఉండేది. అంటే మరమ్మతు ఖర్చు చెరువు తెగిన తరువాత వెతుక్కునేది కాదు, ముందే ఏర్పాటు చేసినది. చెరువు తవ్వించిన దొర పేరు శాసనంలో కనిపిస్తుంది. వానలో రాత్రంతా కట్ట మీద తిరిగిన నీరటి పేరు మాత్రం కనిపించదు. ఊరిని కాపాడింది ఇద్దరూ కలిసే.

ఈ గొలుసు తెగితే ఏమవుతుందో 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు చూసింది. మూసీ పొంగిన ఆ రోజున సుమారు 15 వేల మంది పోయారని అంటారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. వరద పోయాక నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. నది ఎగువన 788 చెరువులుంటే అందులో 221 తెగిపోయినట్లు తేలింది. ఒక చెరువు తెగి, ఆ నీరు పోయి మరో చెరువును తెంపి, అన్నీ కలిసి నగరం మీద పడినవి. ఆ గుణపాఠంతోనే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి చేసినారు. అవి నగరానికి వరదలో కాపలా, ఎండాకాలంలో తాగునీరు. ఒకే కట్టడం రెండు ఆపదలకు జవాబు చెప్పింది.

మన వనపర్తి రాజా రామేశ్వరరావు గారు 1949లో మొదలుపెట్టించిన సరళాసాగర్ 1959లో పూర్తయినది. దాని గొప్పతనం సైఫన్ పద్ధతి. నీరు ఒక మట్టం దాటగానే సైఫన్లు తమంతట తామే నీటిని లాగి కిందికి వదులుతాయి. మట్టం తగ్గి లోపలికి గాలి పోగానే వాటంతట అవే ఆగుతాయి. గేటు ఎత్తే మనిషి లేకపోయినా పని జరుగుతుంది. ఆసియాలోనే ఇటువంటివి అరుదు అని చెప్పుకునేవాళ్ళం. అటువంటి సరళాసాగర్‌కు 2019 డిసెంబరు 31న తెల్లవారుజామున కట్ట తెగింది. తుఫాను లేదు, వానాకాలం కాదు. నిండిన నీళ్ళు పొలాల మీదుగా రామన్‌పాడు వైపు వెళ్ళిపోయినవి. తరువాత కట్టను మళ్ళీ కట్టినారు. సైఫన్ తనంతట తాను పని చేస్తుంది గాని, మట్టికట్ట తనను తాను చూసుకోలేదు. యంత్రం ఎంత గొప్పదైనా నీరటి పని మిగిలే ఉంటుందని దీని అర్థం.

ఇంతకన్న పెద్ద పాఠం 2009 నాటిది. ఆ ఏడు దేశమంతటా వర్షాలు మామూలు కన్న 22 శాతం తక్కువ. కరువు భయంతో ఉన్నవాళ్ళకు జలాశయాలు నిండితే సంతోషమే కదా! సెప్టెంబరు ఆఖరులో కుండపోత మొదలైంది. అక్టోబరు 2 నాటికి కృష్ణ, తుంగభద్ర రెండూ ఒక్కసారే పొంగినవి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులైతే, నీరు 896 అడుగులు దాటింది. కర్నూలు పట్టణం మునిగింది. నడిగడ్డలో తుంగభద్ర ఒడ్డున ఉన్న, చేనేతకు పేరుపొందిన రాజోలి నీట మునిగింది. ఇల్లు, మగ్గం రెండూ ఒకే కప్పు కింద ఉన్న వాడికి ఒక్క రాత్రిలో నీడా పోయింది, జీవనమూ పోయింది. జోగులాంబ ఆలయం, షా అలీ పహిల్వాన్ దర్గా ఉన్న అలంపురం కూడా ముంపు పాలైంది. నీళ్ళు ఎవరి మొహల్లా అని అడిగి రాలేదు. కరువు ఏటనే వరద రావచ్చునని, ఒక దానికి భయపడుతూ రెండో దానిని మరువరాదని ఆ ఏడు నేర్పింది.

ముందు హెచ్చరిక ఎంత పని చేస్తుందో కోస్తా చూపింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మంది దాకా పోయారు. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. అయినా లక్షల మందిని ముందే తరలించినందున ప్రాణనష్టం దానితో పోల్చరానంత తక్కువ. గాలి మెత్తబడలేదు, ఖబరు ముందుగా అందింది.

మరి మన వంతు ఏమిటి? అన్నీ సర్కారే చూసుకోవాలి అంటే పని జరగదు. మన ఊళ్ళల్లో మగవాళ్ళు ఎందరో హైదరాబాదుకు, ముంబయికి, గల్ఫు దేశాలకు బతుకుదెరువు కోసం పోతారు. ఇంట్లో మిగిలేది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, చిన్నపిల్లలు. అర్ధరాత్రి వాగు పొంగితే మంచంలో ఉన్న ముసలమ్మను ఎవరు ఎత్తుకుపోవాలి? ఈ ప్రశ్నకు జవాబు ఆ రాత్రి వెతికితే దొరకదు. మృగశిర కార్తె రాకముందే ప్రతి మొహల్లాలో ఒక రిజిస్టరు రాసుకోవాలి. ఏ ఇంట్లో నడవలేని వారున్నారు, ఎవరికి ఈత వచ్చు, ఎవరి ట్రాక్టరు సిద్ధంగా ఉంటుంది, ఎవరు ఏ తలుపు తట్టాలి అన్నది అందులో ఉండాలి. మసీదు మైకు ద్వారా ఖబరు ఊరందరికీ అందాలి, ఏ మతస్థులైనా సరే. రేషన్ కార్డు, పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు నీరు తగలని సంచిలో ఒకచోట ఉంచాలి. పంట వచ్చినప్పుడు ఇంటికి కొంత చొప్పున ధాన్యం తీసి ఉమ్మడిగా దాచుకుంటే కరువు ఏట బీద ఇంటి పొయ్యి ఆరదు. అన్నిటికన్న ముందు, ఏటా ఒకసారి యువకులు ఊరి చెరువు కట్ట మీద నడిచి చూడాలి. ఎలుక బుంగ గాని, నీటి ఊట గాని కనిపిస్తే నీటిపారుదల శాఖ వారికి రాతపూర్వకంగా తెలియజేయాలి.

వీటికి పెద్ద ఖర్చు లేదు. కావలసింది జిమ్మేదారి. చెరువు తవ్వించే శక్తి అందరికీ ఉండదు. కట్ట మీద ఒకసారి తిరిగి రావడానికి మాత్రం రెండు కాళ్ళు చాలు.