ఇంట ఉన్నా పరాయిదే

అత్తవారింట ఎన్నేళ్ళున్నా "బయటినుంచి వచ్చిన పిల్లేగా" అన్న మాట మనం వింటూనే ఉంటాం. చదరంగంలోనూ అంతే!

మాస్కోలో పుట్టిన వెరా మెన్చిక్ 1921లో తల్లితోపాటు ఇంగ్లండు చేరి హేస్టింగ్స్‌లో తన ఆటకు పదును పెట్టుకుంది. 1927లో మహిళల్లో తొలి ప్రపంచ విజేత అయింది. అయితేనేం, తండ్రి చెక్ దేశస్థుడు గనుక బ్రిటిష్ జాతీయ పోటీలో ఆమెకు చోటు లేకపోయింది.

1933లో అదే హేస్టింగ్స్‌లో మహిళల పోటీ గెలిచింది ఎవరనుకున్నారు? మన దేశంనుంచి వెళ్ళిన ఫాతిమా! అప్పుడు మనది బ్రిటిషు ఏలుబడి కదా, అందుకని అర్హురాలే. కామన్వెల్తు వారికి ఆ తలుపు 2003 దాకా తెరిచే ఉంది. మన కోనేరు హంపి 2000, 2002లలో గెలిచింది కూడా.

మెన్చిక్ మాత్రం 1937లో ఇంగ్లీషాయన్ని పెళ్ళాడాకే బ్రిటిష్ పౌరురాలయింది. ప్రపంచాన్ని గెలిచినా దొరకనిది పెళ్ళితో దొరికిందన్నమాట! ఎవరి కూతురు, ఎవరి భార్య అని కాక, ఎక్కడ బతుకుతోందో చూసి చోటివ్వడం న్యాయం కాదంటారా?