బండికి వేసిన రంగు ఎలా ఆరుతుంది? ఏటికొప్పాక లక్క నుంచి అమెరికా ఆర్‌వీ దాకా

చోడవరం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ బండ్ల రంగు గురించి. ఇంజిన్ గురించి, మైలేజీ గురించి బోలెడు వీడియోలు ఉన్నాయి. కానీ మన కంటికి ముందు కనపడేది రంగు. దాని చరిత్ర మాత్రం ఎవరూ చెప్పరు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు పెట్టే రీల్స్‌లో ఆర్‌వీలు చూసే ఉంటారు. బస్సంత బండి, లోపల మంచం, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉంటాయి. మన దగ్గర షూటింగుల్లో హీరోలకి ఇచ్చే క్యారవాన్ దానికి చుట్టం. ఆ పెద్ద ఆర్‌వీల మీద ముందు నుంచి వెనక దాకా అలల్లాగా నాలుగైదు రంగులు పారుతుంటాయి. స్టిక్కర్ అనుకుంటాం. ఖరీదైన వాటిలో అదంతా పెయింటే. ఫుల్ బాడీ పెయింట్ అంటారు.

అది ఎలా వేస్తారో చెప్తాను. కానీ ముందు ఒక మాట. బండి రంగు చరిత్ర మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: వేసిన రంగు ఎంత సేపట్లో ఆరుతుంది? ఆ టైము తగ్గించడానికి మనుషులు వందేళ్లకు పైగా తిప్పలు పడ్డారు. తగ్గిన ప్రతిసారీ దానికి ఏదో ఒక ధర పడింది. ఆ ధర ఎవరు కట్టారన్నదే ఈ రోజు మన కథ.

మన జిల్లాలోనే మొదలెడదాం. ఉమ్మడి విశాఖ జిల్లా 2022లో విడిపోయాక చోడవరం, ఏటికొప్పాక రెండూ అనకాపల్లి జిల్లాలోకి వచ్చాయి. ఎలమంచిలి దాటి కొంచెం లోపలికి వెళ్తే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంటుంది. అక్కడి లక్క బొమ్మలు తెలియనివాళ్లు ఉండరు. కానీ వాటికి రంగు ఎలా పడుతుందో ఎప్పుడైనా గమనించారా? అక్కడ బ్రష్షు లేదు, గన్ లేదు. అంకుడు కర్ర ముక్కని లేత్ మీద గిర్రున తిప్పుతారు. రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి పట్టుకుంటారు. రాపిడికి వేడి పుడుతుంది, ఆ వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత ఎండు మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. చల్లారడమే ఆరడం. అక్కడికక్కడే పని పూర్తి.

ఇంకో విశేషం. బండ్ల పెయింట్‌కి ఇంగ్లిషులో వాడే ‘లాకర్’ అనే మాట మన లక్క నుంచి పోయిందే. సంస్కృతంలో లాక్ష, అరబ్బీలో లక్, పోర్చుగీసులో లాక్రే, అలా యూరప్ చేరింది. భారతంలో పాండవుల్ని కాల్చేయడానికి కట్టిన లక్క ఇల్లు గుర్తుందా, అదే లక్క.

అయితే ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. లేత్ మీద తిరగగలిగే వస్తువుకే పనికొస్తుంది. బొమ్మని తిప్పొచ్చు, లారీని తిప్పలేం కదా!

అందుకే తొలినాటి కార్లకి గుర్రపు బగ్గీల రంగే వేసేవారు. నూనె కలిపిన రంగు, దాని మీద వార్నిష్. బ్రష్షుతో ఒక పూత వేయాలి, గాలికి ఆరనివ్వాలి, రుద్దాలి, మళ్లీ ఇంకో పూత వేయాలి. ఒక్క కారుకి వారాలు పట్టేది. 1913లో ఫోర్డ్ కంపెనీ కదిలే అసెంబ్లీ లైన్ పెట్టింది. మోడల్-టి కారు ఛాసిస్ బిగించడానికి పన్నెండు గంటలకు పైగా పట్టేది గంటన్నరకి దిగిపోయింది. మరి గంటన్నరలో తయారయ్యే బండి రంగు కోసం వారాల తరబడి నిలబడితే ఎలా? అన్ని కార్లు ఎక్కడ పెడతారు? నల్ల ఎనామిల్ పూసి పొయ్యిలాంటి గదుల్లో కాల్చడం అలా బాగా ఊపందుకుంది. నలుపు చౌక, గట్టిగా నిలుస్తుంది. 1914 నుంచి 1925 దాకా మోడల్-టి నలుపులోనే వచ్చింది.

ఆ నలుపుని వదిలించింది డ్యూపాంట్ కంపెనీ. పొగరాని తుపాకీ మందుకి, సినిమా రీలుకి వాడే నైట్రోసెల్యులోజ్ అనే పదార్థంతో ఒక కొత్త రంగు చేసి, 1923లో జనరల్ మోటార్స్ వాళ్ల ఓక్‌లాండ్ కార్ల మీద దింపారు. దాని పేరు డ్యూకో. అందులో ఉన్న ద్రావకం గాలిలోకి ఎగిరిపోగానే రంగు గట్టిపడుతుంది. వారాల పని గంటల్లోకి వచ్చింది. ఆ పేరు మన దగ్గర ఇప్పటికీ బతికే ఉంది. కార్పెంటర్ ‘సార్, తలుపులకి డ్యూకో వేయిద్దామా’ అంటాడు చూడండి, వందేళ్ల కిందటి ఆ బ్రాండే అది.

డ్యూకో ఎంత త్వరగా ఆరుతుందంటే బ్రష్షుతో పూసే లోపే గట్టిపడిపోతుంది. అందుకే స్ప్రే గన్ తప్పనిసరి అయింది. ఈ గన్ కథ నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. అమెరికాలో టొలీడో ఊరి డాక్టర్ ఆలెన్ డివిల్బిస్ 1888లో ఒక చిన్న స్ప్రే పరికరం కనిపెట్టారు. రోగుల గొంతులోకి మందు చల్లడానికి. తర్వాత ఆయన కొడుకు అదే సూత్రంతో పెయింట్ స్ప్రే గన్ చేశాడు. గొంతు బాగుచేయడానికి పుట్టిన పనిముట్టు, చివరికి పెయింటర్ గొంతులోకి రంగు పంపే పనిముట్టయింది.

ఇక ఇప్పటి కార్ల ఫ్యాక్టరీకి వద్దాం. మన రాష్ట్రంలో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు వస్తున్నాయి. అలాంటి ఫ్యాక్టరీల్లో సీట్లు, గాజులు, వైర్లు ఏమీ పెట్టకముందే ఉత్త ఇనుప బాడీకి రంగు పడుతుంది. బాడీ మొత్తాన్ని రంగు తొట్టెలో ముంచి కరెంటు పంపిస్తారు. కరెంటు లాగడంతో రంగు మూలమూలకీ పాకి అంటుకుంటుంది. ఫోర్డ్ వాళ్లు 1960లలో వాడకంలోకి తెచ్చిన పద్ధతి ఇది. తర్వాత ఆ బాడీని 170, 180 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పై రంగుల్ని రోబోలు కొడతాయి. మూసిన గదిలో మనిషి ఊపిరికి పెద్దగా పని లేదు.

ఆర్‌వీ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క పనిచేయదు. ఎందుకంటే ఆర్‌వీ గోడలు ఫైబర్ గ్లాసు. లోపల కలప, ఫోమ్, అతికించిన పొరలు ఉంటాయి. 180 డిగ్రీల్లో పెడితే బండి మొత్తం పాడైపోతుంది. అందుకే చాలాకాలం వాటిలో చాలావాటికి రంగే వేయలేదు. ఫైబర్ షీటు అచ్చులో పోసేటప్పుడే పైపొరగా జెల్‌కోట్ అనే తెల్లటి పూత వచ్చేది. దాని మీద వినైల్ స్టిక్కర్ చారలు అంటించేవారు. ఎండకి ఆ స్టిక్కర్లు పగిలి, అంచులు లేచిపోయేవి. 1990ల చివరి నుంచి ఖరీదైన మోడళ్లకి ఫుల్ బాడీ పెయింట్ మామూలైపోయింది.

ఇండియానా రాష్ట్రంలో ఎల్కార్ట్ అనే ప్రాంతం ఉంది. ఆర్‌వీల రాజధాని అంటారు. అక్కడ పని ఇలా నడుస్తుంది. దాదాపు పూర్తయిన బండిని తెచ్చి ముందు ఒళ్లంతా ఉప్పుకాగితంతో రుద్దుతారు. మెరుపు పోతేనే రంగు పట్టుకుంటుంది. జిడ్డు తుడిచి, గాజులు, టైర్లు కాగితాలతో కప్పేస్తారు. పెద్ద బూత్‌లోకి తోసి మొదటి రంగు కొడతారు. అది ఆరాక సన్నటి టేపుతో, కోసిన స్టెన్సిల్స్‌తో డిజైన్ గీసి, ఆ రంగు ఎక్కడ మిగలాలో అక్కడ మూసేస్తారు. రెండో రంగు కొడతారు. మళ్లీ మూస్తారు, మూడోది కొడతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. చివరికి టేపులన్నీ పీకేసి పైన క్లియర్ కోట్ కొట్టి, తక్కువ వేడిలో, దాదాపు 60 డిగ్రీల్లో ఆరబెడతారు. తర్వాత నీళ్లతో సన్నగా రుద్ది పాలిష్ పట్టిస్తారు. 40 అడుగుల బండికి రోజుల తరబడి పని. నమ్ముతారో లేదో, ఇందులో చాలా భాగం ఇప్పటికీ మనుషుల చేతులే.

ఇదంతా వింటుంటే మీకు ఏదో గుర్తొస్తూ ఉండాలి. గాజువాక ఆటోనగర్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్లు చూశారా? మన దేశంలో లారీ కంపెనీలు చాలాకాలం ఇంజిను, ఛాసిస్, ముందు ముక్క మాత్రమే అమ్మేవి. క్యాబిను, తొట్టె, రంగు అన్నీ ఊళ్లోనే. కలప, రేకు కలిపి బాడీ కట్టాక లప్పం పెట్టి, రుద్ది, ప్రైమర్ కొట్టి, మాస్కింగ్ టేపు వేసి ఒక్కో రంగు కొట్టేవారు. చివర్లో ఆర్టిస్టు వచ్చి పువ్వులు, దేవుడి పేరు, వెనకాల ‘సౌండ్ హారన్’ రాసేవాడు. సీజన్‌లో మన గోవాడ సుగర్ ఫ్యాక్టరీకి చెరకు తోలిన లారీలు చాలావాటికి ఇలాంటి షెడ్లలోనే రంగు పడింది.

అంటే ఎల్కార్ట్‌లో కోట్ల రూపాయల ఆర్‌వీకి, మన షెడ్డులో లారీకి కారు ఫ్యాక్టరీ కంటే దగ్గర చుట్టరికం ఉంది. రెండూ కట్టిన తర్వాత రంగు పడే బండ్లే. రెండింటినీ కాల్చలేం. మరి కాల్చకుండా గట్టిపడే రంగు ఎక్కడ నుంచి వచ్చింది?

1937లో జర్మనీలో ఓట్టో బేయర్ అనే కెమిస్టు బృందం పాలీయురిథేన్ కనిపెట్టింది. ఆ తర్వాత పుట్టినవే మన పెయింటర్లు ‘టూ-కే’ అనే పెయింట్లు. ఒక డబ్బాలో రంగు, ఇంకో చిన్న డబ్బాలో హార్డెనర్. రెండూ కలిపితే రసాయన చర్య మొదలై రంగు దానంతట అదే గట్టిపడుతుంది. ఎండకి, వానకి, పెట్రోలుకి తట్టుకుంటుంది. అద్భుతమైన సరుకు.

కానీ ఆ చిన్న డబ్బాలో ఉండేది ఐసోసైనేట్. ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదా? 1984 డిసెంబరులో భోపాల్‌లో లీకైంది మిథైల్ ఐసోసైనేట్. పెయింట్లో ఉండేది అది కాదు, అంత తేలిగ్గా గాలిలోకి ఎగిరేదీ కాదు. అయినా అదే రసాయన కుటుంబం. గన్‌తో కొట్టినప్పుడు సన్నటి తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కొందరికి ఆస్తమా వస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, తర్వాత ఇసుమంత తగిలినా ఆయాసం మొదలవుతుంది. ఆ మనిషి ఇక ఆ పని చేయలేడు. మంచి బూత్‌లలో పెయింటర్‌కి పైపు ద్వారా బయటి గాలి అందించే మాస్కు ఇస్తారు, ఇందుకే.

మన షెడ్లలో? నాకు తెలిసిన ఒక పెయింటర్ బాబాయ్ ఉన్నారు. ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుని గన్ పట్టుకుంటారు. పని అయ్యాక చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకుంటారు. ‘బెల్లం తింటే రంగు దిగిపోద్దిరా’ అంటారు. అనకాపల్లి బెల్లం మీద మనకి ఎంత నమ్మకమున్నా, బెల్లం వెళ్లేది కడుపులోకి, రంగు వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి. తువ్వాలు దుమ్ముని కొంత ఆపుతుందేమో, ఐసోసైనేట్‌ని ఆపదు. మామూలు గుడ్డ మాస్కు కూడా ఆపదు.

సీసం సంగతి ఇంకొకటి. మెరిసే పసుపు, నారింజ రంగుల్లో సీసం కలిపిన రంగుపొడులు చాలాకాలంగా వాడుతున్నారు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో రూలు వచ్చింది, 2017 నవంబరు నుంచి అమలు. కానీ ఆ రూలు ఇంటి రంగులకీ, అలంకరణ రంగులకీ మాత్రమే. అంటే గోడకి ఉన్న రక్షణ లారీ రంగుకి లేదు. పాత పసుపు రంగుని ఉప్పుకాగితంతో పొడిగా రుద్దే కుర్రాడికీ లేదు. వాడు ఆ దుమ్ము బట్టలతోనే ఇంటికెళ్లి చిన్న పిల్లల్ని ఎత్తుకుంటాడు.

మార్చలేమా అంటే, మార్చొచ్చని మన ఏటికొప్పాకే చూపించింది. అక్కడా ఒక దశలో రసాయన రంగులు వచ్చేశాయి. సి.వి. రాజు గారు, అక్కడి కళాకారులు కలిసి పసుపు, నీలి, జాఫ్రా లాంటి సహజ రంగుల్ని మళ్లీ లక్కలోకి తెచ్చారు. 2017లో ఆ బొమ్మలకి జీఐ గుర్తింపు, 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చాయి. లారీకి జాఫ్రా రంగు వేయమని నేను చెప్పట్లేదు. బొమ్మ పిల్లాడి నోట్లోకి వెళ్తుందని ఆలోచించినవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ రంగు మారింది. పెయింటర్ ఊపిరి గురించి కూడా అలాగే ఎవరో ఒకరు గట్టిగా అడగాలి, అంతే.

ఇంకో సంగతి, ఈ షెడ్ల కాలం మారిపోతోంది. క్యాబిన్‌తో సహా తయారైన లారీలు కంపెనీల నుంచే వస్తున్నాయి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద, మధ్య రకం లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి. డ్రైవర్‌కి మంచిదే, చాలా మంచిది. కానీ క్యాబిన్ ఫ్యాక్టరీకి పోతే, దాంతోపాటు షెడ్డులో పనీ తగ్గుతుంది. ముప్పై ఏళ్లు రంగు పీల్చిన మనిషికి పని పోతుంది, దగ్గు మిగులుతుంది.

అందుకని మీకు ఒక పని చెప్తాను. మీ ఊళ్లో, మీ దగ్గర్లోని ఆటోనగర్‌లో పాత బండి పెయింటర్ ఎవరైనా ఉంటే వెళ్లి కలవండి. బ్రష్షు నుంచి గన్‌కి ఎప్పుడు మారారు, హార్డెనర్ ఎప్పుడు వచ్చింది, ఏ రంగు కొడితే గొంతు మండేది, అడగండి. ఆయన ఒప్పుకుంటే మీ ఫోన్‌లో రికార్డ్ చేయండి. కంపెనీల చరిత్ర కంపెనీలు రాసుకుంటాయి. వీళ్ల చరిత్ర మనం రికార్డ్ చేస్తేనే ఉంటుంది. అలాగే మీ బండికి రంగు వేయించేటప్పుడు ‘ఎప్పుడు ఆరుతుంది’ అని అడుగుతాం కదా, దాంతోపాటు ‘మాస్కు ఉందా అన్నా’ అని కూడా అడగండి.