హార్ట్లీ వయొలిన్ సత్యపరీక్ష

ఏప్రిల్ 15వ తేదీ సమీపించినపుడెల్ల టైటానిక్ నౌక పేరు పత్రికలలో మరల కానవచ్చును. ఆ నౌకవని చెప్పబడు పింగాణి పళ్ళెములును, వెండి చెంచాలును, భోజనపట్టికలును వేలమునకు వచ్చును. 1912లో ఆ నౌక మునిగిన రాత్రి 13వ నంబరు రక్షకనావలో బయటపడిన పండ్రెండేండ్ల రూత్ బెకర్ మన గుంటూరున జన్మించిన బాలికయగుటచే ఆ కథ మనకును కేవలము పరాయిది కాదు.

టైటానిక్‌కు చాల ముందే, 1838లో గ్రేట్ వెస్టర్న్ అను ఆవిరినౌక అట్లాంటిక్ మహాసముద్రమును దాటినది. 1840లో క్యూనార్డువారి బ్రిటానియా నౌక తపాలా మోయ నారంభించినది. తరువాతి డెబ్బదియేండ్లలో ఎన్నియో నౌకలు పుట్టి తుక్కైపోయినవి; వానిలోని సామగ్రిలో చాలభాగమునకు జాడయే లేదు. మిగిలినదానిని గుర్తించుటయు సులభము కాదు. టైటానిక్ యజమానులగు వైట్ స్టార్ కంపెనీవారు పాత్రలపై తమ సంస్థ చిహ్నమునే గాని సాధారణముగా నౌక పేరు వేయకుండుటచే, వారిదే యగు ఒలింపిక్ నౌక పళ్ళెమునకును టైటానిక్ పళ్ళెమునకును భేదము కనుపింపదు. కావున ‘టైటానిక్’ అని పెద్ద అక్షరములతో చెక్కిన చెంచా సత్యమునకు సాక్ష్యము గాక సందేహమునకే కారణమగును.

ఈ చరిత్రలో నా మనస్సును మిక్కిలి హరించినది వాలెస్ హార్ట్లీ వయొలిన్. నౌక మునుగుచుండగా వాయించుచుండి, తోడి ఏడుగురు వాద్యకారులతో కూడ ప్రాణములు విడిచిన ఆ మేళనాయకుని దేహమును దాదాపు పది దినముల పిమ్మట మెకే-బెన్నెట్ ఓడవారు వెలికిదీసిరి. 2006లో ఇంగ్లండున ఒక యింటి అటకపై వయొలిన్ బయటపడినది. దానిపైనున్న వెండిరేకున, వివాహనిశ్చయ సందర్భమున, వాలెస్‌కు కాబోవు భార్యయైన మరియా అతనికి ఇచ్చినట్లు చెక్కబడియున్నది. రేకు నెవరైనను చెక్కవచ్చును గదా! అందుచే వేలముశాలవారు ఏడేండ్లు పరీక్షలు చేయించిరి: లోహపు త్రుప్పు ఉప్పునీట మునిగినదానితో సరిపోయినది, సీటీ స్కానుతో చెక్క లోపలి పగుళ్ళు చూచిరి, రేకును నిపుణులు పరిశీలించిరి. అయినను దేహముతో దొరికిన వస్తువుల పట్టికలో వయొలిన్ లేదనియు, వయొలిన్ చెక్కల నతికిన జంతుసంబంధమగు జిగురు నీట కరగవలెననియు ఆక్షేపించినవారున్నారు. ఆ ఆక్షేపణలు తేలికగా త్రోసివేయదగినవి కావు.

ఐనను నన్ను ఒప్పించినది త్రుప్పు కాదు, కాగితము. 1912 జూలై 19న మరియా రాబిన్సన్ తన దినచర్యపుస్తకమున, వయొలిన్ తిరిగి యిప్పించినందులకు నోవా స్కోషియా అధికారికి కృతజ్ఞతలు తెలుపు తంతిని చిత్తుగా వ్రాసికొన్నది. ఆమె 1939లో మరణించిన పిదప సోదరి చేతినుండి బ్రిడ్లింగ్టన్ సాల్వేషన్ ఆర్మీకిని, అటనుండి ఒక సంగీతోపాధ్యాయునకును ఆ వయొలిన్ చేరినది. చేతులు మారిన క్రమము తెగకుండుటయే గొప్ప ప్రమాణము. 2013 అక్టోబరు 19న అది 9 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయినది.

ఇటీవలి కాలమున టైటానిక్ వస్తువుల విషయమున ఈ క్రమము చెదరిపోవుచున్నది. 1997 నాటి ‘టైటానిక్’ చలనచిత్రము పిమ్మట అనుకరణ వస్తువులు వెల్లువెత్తినవి. సముద్రగర్భమునుండి తెచ్చిన బొగ్గుముక్కలును అమ్మబడినవి. ప్రామాణ్యపత్రమును నమ్ముటయా, వస్తువును నమ్ముటయా అను సందేహము నేటికిని తీరలేదు.

మన వస్తువులకును ఇట్టి సందేహము కలుగకుండుటకై, కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి రంగూనుకు పోయిన స్టీమర్ల టిక్కెట్లుగాని, పెట్టెలపై చీటీలుగాని మీ యిండ్లలో నున్నయెడల, ఎవరు ఏ సంవత్సరమున ఏ రేవున ఓడ యెక్కిరో ఒక కాగితముపై వ్రాసి వానితో భద్రపరచవలెనని పాఠకులకు నా మనవి.