గూఢచారికి శత్రువు ఎవరు?

1966 ఆగస్టు 11న 'గూఢచారి 116' విడుదలైంది. హీరోగా కృష్ణకి అది మూడో సినిమా. జేమ్స్ బాండ్ తెరమీదికొచ్చి అప్పటికి నాలుగేళ్లే. ఆ తర్వాత 'జేమ్స్ బాండ్ 777' (1971), 'ఏజెంట్ గోపి' (1978), 'రహస్య గూఢచారి' (1981), 'గూఢచారి 117' (1989) వచ్చాయి. బాండ్ సినిమాల్లాగా వీటికి ఒకే సంస్థ లేదు, ఒక కథకీ ఇంకో కథకీ లంకె కూడా లేదు. వీటన్నిటినీ ఒక వరస చేసి, 'ఆంధ్రా జేమ్స్ బాండ్' అని దానికో పేరు తగిలించి, పోల్చుకుంటూ వాదులాడుకున్నది అభిమానులే.

ఆ వాదనలు నేను నాయుడుపేటలో వింటూ పెరిగాను. మద్రాసు-కలకత్తా హైవే మీద ఊరు మాది. ఈ సినిమాలు తయారైన మద్రాసు నూట పది కిలోమీటర్లు. అందుకేనేమో మా పెద్దోళ్లు సినిమావాళ్ల గురించి పక్క వీధి మనుషుల గురించి చెప్పినట్టే చెప్పేవాళ్లు. నేను ఈ సినిమాలన్నీ టీవీలో చూసినవాణ్ణి, తర్వాత యూట్యూబులో. వాళ్ల వాదనలు మూడు విషయాల చుట్టూ తిరిగేవి: ఫైట్లు, రచయిత, విలన్.

ఫైట్ల దగ్గర పెద్దగా పేచీ ఉండదు. 'తేనె మనసులు' (1965)లో కృష్ణ స్కూటరు మీద కారుని తరుముకుంటూ పోయి, స్కూటరు వదిలేసి కారుమీదికి దూకుతాడు. నిర్మాత డూండీ అది చూసే కృష్ణని 116గా ఎంచుకున్నాడని చెబుతారు. ఒక్క దూకుడుతో ఒక కెరీర్ మలుపు తిరిగిందన్నమాట. కెమెరా వెనక ఉన్నది రవికాంత్ నగాయిచ్. అంతకుముందు 'సీతారామ కల్యాణం' (1961)లో రావణుడి పది తలల్ని తెరమీద నమ్మించిన ట్రిక్ ఫోటోగ్రఫీ ఆయనదే. పౌరాణికం కోసం నేర్చుకున్న విద్య గూఢచారికి పనికొచ్చింది. మరుసటేడు ఇదే కథని హిందీలో జితేంద్రతో 'ఫర్జ్'గా తీసి ఆయన దర్శకుడయ్యాడు. తర్వాత మిథున్ చక్రవర్తితో 'సురక్షా' (1979), 'వార్దాత్' (1981) తీశాడు. బొంబాయి గూఢచారికి మూలం ఒక తెలుగు సినిమా అన్నది మా వాళ్లకి ఇప్పటికీ గర్వమే.

ఇక 'జేమ్స్ బాండ్ 777' తీసిన కె.ఎస్.ఆర్.దాస్‌ది మా పక్కనున్న వెంకటగిరి. చీరలకి పేరుపడ్డ ఊరు. అదే ఏడాది ఆయన 'మోసగాళ్లకు మోసగాడు' కూడా తీశాడు. అంతకు ముందేడు 'రౌడీరాణి'లో విజయలలిత చేత హీరోలు కొట్టే దెబ్బలన్నీ కొట్టించాడు. ఈ సంగతికి మా ఊళ్లో ఇంకా ఎక్కువ గుర్తింపు ఉండాల్సింది.

రచయిత దగ్గరికొస్తే నాలాంటి సాహిత్యం పిచ్చోడికి ఆసక్తి పెరుగుతుంది. 116కి రాసింది ఆరుద్ర. 'త్వమేవాహం' కవి. అరవయ్యో దశకం మధ్యలోనే మరోపక్క 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' సంపుటాలు తెస్తున్నాడు. శాసనాలు, తాళపత్రాలు, కవుల కాలనిర్ణయాలు ఒక చేత్తో, పిస్తోళ్లు, రహస్య స్థావరాలు ఇంకో చేత్తో. మనం దీన్ని 'పొట్టకూటి రాతలు' అని పక్కనపెట్టేస్తాం గానీ, నాకలా అనిపించదు. ఆయన అంతకుముందే 'పలకల వెండి గ్లాసు' లాంటి డిటెక్టివ్ నవల రాసినవాడు. సాహిత్య చరిత్రకారుడు చేసేది కూడా ఆధారాలు ఏరి, అబద్ధం సాక్ష్యాన్ని పట్టుకునే పనే కదా. 'మోసగాళ్లకు మోసగాడు' కథ కూడా ఆయనదే. అంటే తెలుగులో గూఢచారినీ కౌబాయ్‌నీ నిలబెట్టింది ఒక పండితుడి కలం.

116 కథకి మూలం బాండ్ కాదు, ఒక ఫ్రెంచి సినిమా అని చాలామంది చెప్పే మాట. 1964లో వచ్చిన 'బాంకో ఎ బాంకాక్', ఓఎస్ఎస్ 117 అనే గూఢచారి కథ. 117ని జాన్ బ్రూస్ 1949లోనే నవలల్లోకి తెచ్చాడు. ఫ్లెమింగ్ బాండ్ పుట్టింది 1953లో. మన 116కి ముందు వెనకల లెక్క చూస్తే 007 కంటే 117 దగ్గర చుట్టం.

ఆ చుట్టరికం దగ్గరే మూడో వాదన మొదలవుతుంది. ఒకసారి నేనే అడిగాను.

"మామా, ఇన్ని సినిమాల్లో గోల్డ్‌ఫింగర్ లాంటి విలన్ ఒక్కడన్నా గుర్తున్నాడా నీకు?"

"గుర్తుండేదానికి వాడు బయటోడైతే గదా అబ్బయ్యా. చివరాకరికి హీరోయిన్ నాయనే గదా అయ్యేది."

ఆయన నవ్వుతా అన్న మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఫ్రెంచి సినిమాలో కథానాయిక విలన్‌కి చెల్లెలు. తెలుగులో, దాన్నుంచి హిందీలో, ఆమె శత్రుముఠాలో ఇరుక్కున్న మనిషికి కూతురు. తండ్రి పావు, అసలువాడు పైన ఇంకెవడో. ఆ పైవాడిది ఏ దేశమో సినిమా చెప్పదు. 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం అయిన వెంటనే వచ్చిన సినిమా ఇది. అయినా శత్రుదేశానికి పేరు లేదు. చూసేవాడికి పరాయి దేశం బొమ్మ కంటే, కాబోయే మామ ద్రోహి అన్న మాటే గట్టిగా తగులుతుంది. బాండ్ విలన్‌కి ఒక దీవి ఉంటుంది, ఒక సిద్ధాంతం ఉంటుంది. మన విలన్‌కి ఇల్లుంటుంది, ఆ ఇంట్లో పెళ్లి కావలసిన కూతురుంటుంది.

2018 ఆగస్టులో అడివి శేష్ 'గూఢచారి' వచ్చింది. ఆ హీరో పేరూ గోపీనే, నంబరూ 116. పాత సినిమాకి దండం పెట్టి మొదలైన కథ. అందులో చివరికి తేలేదేంటి? ఉగ్రవాదుల నాయకుడు హీరో కన్నతండ్రి. యాభై రెండేళ్లలో శత్రువు కాబోయే మామ నుంచి సొంత తండ్రి దాకా దగ్గరికొచ్చాడు. సాంకేతికంగా ఎంతో ఎదిగిన సినిమాయే, కానీ విలన్ని వెతుక్కున్న చోటు మాత్రం అదే.

కథగా ఇది బలమే. విభీషణుణ్ణీ కర్ణుణ్ణీ ఎరిగిన ప్రేక్షకుడికి ఇంటి ద్రోహం వెంటనే అర్థమవుతుంది. నాకు ఇబ్బందల్లా ఈ అలవాటు తెర దాటి బయటికి రావడం.

నాయుడుపేట నుంచి దక్షిణంగా అరగంట ప్రయాణం చేస్తే సూళ్లూరుపేట, అక్కణ్ణుంచి శ్రీహరికోట. మా ఇళ్లమీది నుంచి రాకెట్లు కనపడతాయి. ఆ రాకెట్లకి ద్రవ ఇంధన ఇంజన్లు తయారుచేసినవాళ్లలో ముఖ్యుడు నంబి నారాయణన్. 1994లో కేరళలో ఆయన్ని గూఢచర్యం ఆరోపణతో అరెస్టు చేశారు. మాల్దీవుల మహిళ, రాకెట్ రహస్యాలు, అమ్ముడుపోయిన శాస్త్రవేత్త: అచ్చం సినిమా కథే. అందుకే జనం అంత తొందరగా నమ్మారు. యాభై రోజులు జైల్లో ఉన్నాడాయన. 1996లో సీబీఐ ఆ కేసు అబద్ధమని తేల్చింది. సుప్రీంకోర్టు 50 లక్షల పరిహారం ఇమ్మన్నది 2018 సెప్టెంబరు 14న. శేష్ 'గూఢచారి' విడుదలైన నెలన్నర లోపే.

సినిమాలే ఆయన్ని జైలుకి పంపాయని నేననను. పంపింది మనుషులు, వ్యవస్థలు. కానీ ద్రోహి మన మధ్యలోనే ఉంటాడని ముప్పై ఏళ్లుగా ఆనందంగా చూసిన కళ్లకి, పేపర్లో ఆ ఫోటో కనబడగానే మిగతా కథ దానంతటదే అల్లుకుపోయింది. సాక్ష్యం ఏదని అడిగినవాళ్లు తక్కువ. ఆరుద్ర తన సంపుటాల్లో ఒక కవి కాలం తేల్చడానికి ఎన్ని శాసనాలు వెతికాడో, ఒక మనిషిని ద్రోహి అనడానికి ఈ దేశం అన్ని కాగితాలు కూడా వెతకలేదు.

కృష్ణ 2022 నవంబరు 15న వెళ్లిపోయారు. ఆయన అభిమానులు ఏ సినిమా గొప్పదన్న వాదన మానలేదు, మానకూడదు కూడా. నేను కోరేదల్లా ఆ వాదనలోకి ఇంకో ప్రశ్న చేరాలని: చివరి రీల్లో మనవాడే ద్రోహి అని తేలినప్పుడు, హీరో దగ్గర రుజువు ఏముంది? మన 116లందర్నీ ఆ ఒక్క ప్రశ్నతో మళ్లీ చూడొచ్చు. దూకుళ్లు అప్పుడూ బాగానే ఉంటాయి.