ఇంటి కంప్యూటర్ నుంచి కోడ్ ఫైల్ దాకా: బ్లాక్‌చెయిన్ నోడ్ కథ

బిట్‌కాయిన్ మొదటి బ్లాక్ 2009 జనవరి 3న తయారైంది. వారం తిరక్కుండానే సతోషి నకమోటో ఆ సాఫ్ట్‌వేర్‌ను బయటపెట్టారు. దాన్ని మొదట్లోనే నడిపినవారిలో హాల్ ఫినీ ఒకరు. ఆ సంగతి జనవరి రెండో వారంలో ఆయన ట్విటర్‌లో రెండే మాటల్లో చెప్పారు. అప్పట్లో నోడ్ అంటే ఎవరో ఒకరి సొంత కంప్యూటర్. తొలి సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడిచేది. డౌన్‌లోడ్ చేసి తెరిచి ఉంచితే చాలు, లావాదేవీలను తనిఖీ చేయడం, లెక్కల పుస్తకం మొత్తం దాచుకోవడం, తోటి నోడ్లకు అందించడం అన్నీ అదే చూసుకునేది. ఎవరి లెక్క వాళ్లే సరిచూసుకోగలగాలి, మధ్యలో ఎవరినీ నమ్మాల్సిన పని ఉండకూడదు. నోడ్ పుట్టింది అందుకే.

కోడ్‌తో సర్వర్లను నిలబెట్టే పద్ధతి అంతకంటే పాతది, వచ్చిన దారీ వేరు. ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ 1993లో సీఎఫ్‌ఇంజిన్ మొదలుపెట్టారు. రకరకాల యూనిక్స్ యంత్రాల అమరికలను ఒక్కొక్క దాని ముందూ కూర్చుని సరిచేసే అవస్థ తప్పించడానికి పుట్టిన పనిముట్టు అది. 2005లో ల్యూక్ కేనీస్ అదే కోవలో పప్పెట్ తెచ్చారు. 2006 ఆగస్టులో అమెజాన్ ఈసీ2 వచ్చాక సర్వర్ అనేది గంటల లెక్కన అద్దెకు దొరికే వస్తువైంది. అడగడానికి ఒక ప్రోగ్రామ్ చాలు, మనిషి అక్కర్లేదు. కావలసిన సర్వర్లను ఫైల్‌లో రాసి అడిగే పనిముట్లుగా 2011లో అమెజాన్‌దే క్లౌడ్‌ఫార్మేషన్, 2014 జులైలో హాషికార్ప్ నుంచి టెర్రాఫార్మ్ వచ్చాయి.

టెర్రాఫార్మ్ ఫైల్ రాయడమంటే వంట ఎలా చేయాలో చెప్పడం కాదు, విస్తట్లో ఏమేం ఉండాలో చెప్పడం. ఒక సర్వర్, ఇంత డిస్క్, ఈ నెట్‌వర్క్, ఈ పోర్టులు అని రాస్తాం. ప్లాన్ అంటే ఉన్నదానికీ కావలసినదానికీ తేడా చూపిస్తుంది, అప్లై అంటే ఆ తేడాను సరిచేస్తుంది.

ఈ రెండు దారులూ కలవడానికి కారణం బరువు. ఇథీరియం అనే ఇంకో బ్లాక్‌చెయిన్ 2015 జులై 30న మొదలైంది. కొన్నేళ్లకే దాని పూర్తి నోడ్‌కు వేగమైన ఎస్‌ఎస్‌డీ, ఆగని ఇంటర్నెట్, ఆగని కరెంటు తప్పనిసరయ్యాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ సరిపోలేదు. 2015 నవంబర్‌లోనే మైక్రోసాఫ్ట్, కన్సెన్సిస్ కలిసి మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజ్యూర్ మీద ఇథీరియం సేవను ప్రకటించాయి. అమెజాన్ 2018 ఏప్రిల్‌లో ఇథీరియం, హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ నెట్‌వర్క్‌ల కోసం క్లౌడ్‌ఫార్మేషన్ టెంప్లేట్లు ఇచ్చింది. నా లెక్కలో ఈ పద్ధతి నలుగురికీ అందుబాటులోకి వచ్చింది అప్పుడే.

పైకి చూస్తే పని తేలికే. ఇథీరియం నోడ్ అయితే 30303 పోర్టు లోకానికంతా తెరిచి, 8545 మూసి ఉంచాలి. మొదటిది తోటి నోడ్లతో మాట్లాడుకోవడానికి, రెండోది యజమాని ఆదేశాలకు. ఈ తేడాను ఫైల్‌లో ఒకసారి రాసి పెడితే ఎన్ని నోడ్లు లేపినా పొరపాటు జరగదు. అయితే వెబ్ సర్వర్ల దగ్గర నేర్చిన అలవాట్లన్నీ ఇక్కడ చెల్లవు. వెబ్ సర్వర్ చెడితే తీసి పారేసి నిమిషాల్లో ఇంకోటి నిలబెట్టవచ్చు. నోడ్ అలా కాదు. ఫైల్ సర్వర్‌ను మళ్లీ పుట్టించగలదు కానీ అది పోగుచేసుకున్న చెయిన్‌ను పుట్టించలేదు. వందల గిగాబైట్లు మళ్లీ దించుకుని సరిచూసుకోవాలి, గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే డేటా డిస్క్‌ను సర్వర్ నుంచి విడిగా ఉంచి, పొరపాటున కూడా తుడిచిపెట్టకుండా ఫైల్‌లోనే కట్టడి రాస్తారు.

తాళంచెవుల సంగతి ఇంకా సున్నితం. ఇథీరియం ప్రూఫ్ ఆఫ్ స్టేక్ గొలుసు 2020 డిసెంబర్ 1న మొదలైంది. ఇందులో సొమ్మును పూచీగా (స్టేక్‌గా) పెట్టి, బ్లాకులను సరిచూసి తన తాళంచెవితో సంతకం పెట్టేదే వ్యాలిడేటర్. వ్యాలిడేటర్ కాసేపు ఆగితే నష్టం స్వల్పమే. అదే తాళంచెవి రెండు యంత్రాల్లో ఉండి, రెండూ వేర్వేరుగా సంతకం పెడితే మాత్రం స్లాషింగ్ పడుతుంది, స్టేక్‌లో కోత పెట్టి బయటికి పంపేస్తారు. ఒకటి పడిపోతే ఇంకోటి లేపడమే క్లౌడ్ నేర్పిన మంచి అలవాటు, ఇక్కడ అదే ప్రమాదం. 2021 ఫిబ్రవరిలో ఒక స్టేకింగ్ సంస్థ వ్యాలిడేటర్లు 75 రెండుసార్లు సంతకం పెట్టి శిక్షకు గురయ్యాయి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. టెర్రాఫార్మ్ తాను లేపినవాటి వివరాలు దాచుకునే స్టేట్ ఫైల్‌లో రహస్యాలను మామూలు అక్షరాల్లోనే దాస్తుంది. వ్యాలిడేటర్ తాళంచెవి ఆ దారిన వెళ్లకూడదు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న 2022 నవంబర్‌లో ఎదురైంది. జర్మనీకి చెందిన హెట్జ్‌నర్ సంస్థ క్రిప్టో పనులు తమ నిబంధనలకు విరుద్ధమంటూ సొలానా అనే మరో బ్లాక్‌చెయిన్ వ్యాలిడేటర్లను ఆపేసింది. వెయ్యికి పైగా యంత్రాలు, మొత్తం స్టేక్‌లో దాదాపు ఐదోవంతు ఒక్కసారిగా ఆఫ్‌లైన్ అయ్యాయి. నెట్‌వర్క్ ఆగలేదు. కానీ ఎవరినీ నమ్మనక్కర్లేదని పుట్టిన నోడ్లు అద్దె ఇంటి యజమాని ఒక్క మాటతో ఆగిపోవచ్చని తెలిసింది. ధర తక్కువ ఎక్కడో, రెడీమేడ్ టెంప్లేట్ ఎక్కడో అందరూ అక్కడికే చేరతారు. కోడ్ తెచ్చిన సౌకర్యం ఆ గుంపును ఇంకా పెంచింది.

అదే నెలలో అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్ (సర్వర్ల కేంద్రం) తెరుచుకుంది. ముంబయిలో ఉన్న నోడ్‌ను అక్కడ లేపాలంటే చాలావరకు ఫైల్‌లో రీజియన్ పేరు ఏపీ-సౌత్-2 అని మార్చి, చెయిన్ డేటా స్నాప్‌షాట్‌ను అక్కడికి కాపీ చేస్తే సరిపోతుంది. ఊరు మారింది, యజమాని మారలేదు. అమెజాన్ నుంచి హెట్జ్‌నర్‌కో ఇంకొకరికో వెళ్లాలంటే టెర్రాఫార్మ్ భాష అదే అయినా సర్వర్‌కూ డిస్క్‌కూ ఫైర్‌వాల్‌కూ ఒక్కో క్లౌడ్‌లో పేర్లు, లక్షణాలు వేరు కాబట్టి ఆ భాగమంతా తిరగరాయాలి. అందుకే నోడ్లు నడిపే అనుభవజ్ఞులు క్లౌడ్‌కు సంబంధించిన భాగాన్ని వీలైనంత పలచగా ఉంచుతారు. నోడ్ అమరికను యాన్సిబుల్‌లోనో డాకర్ కంపోజ్‌లోనో విడిగా రాసి, రెండో క్లౌడ్ మీద కూడా ముందుగానే నడిపి చూసుకుంటారు, అదీ వ్యాలిడేటర్ తాళంచెవి అక్కడ పెట్టకుండా.